మచ్చ మిగల్చని గడ్డలు

మోకాలికి కింద గడ్డలు లేచి, చీర అంచు తగిలినా ఓర్చుకోలేని మనిషి మీ ముందుకు వస్తే కాళ్లు తర్వాత చూడండి. ముందు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అడగండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నాకు ఏ ఊళ్లో ఏ హోదా వచ్చిందన్నది ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే మీకు పనికిరాదు. ఇప్పుడు నాకూ పనికిరాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రభుత్వ వైద్యుడిగా ఉద్యోగంలో చేరాను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల. చాలా కాలం ఈ మూడు ఊళ్ల మధ్యే తిరిగాను. మా వంశం వాళ్లు పులివెందుల వైపు పాళెగాళ్లు. కొన్ని పల్లెల మీద కప్పం వసూలు చేసుకుంటూ మట్టి, రాయి కలిపి కట్టిన కోటలో బతికారు. నేను పుట్టేనాటికి పల్లెలూ లేవు, కప్పమూ లేదు. మా నాయన నాకు ఇచ్చిపోయింది ఒక్క ఆజ్ఞే: ఎవరింట్లోనూ చేయి చాచి తినకూడదు, ఎవరి మంచం మీదా కూర్చోకూడదు. నేను అది పాటించాను. రోగి ఇంటికి పోతే నిలబడి చూసి, నిలబడే తిరిగి వచ్చేవాణ్ణి. జనం దాన్ని గర్వమన్నారు. గర్వమే. అది లేకపోతే మా ఇంట్లో పుట్టినవాడికి కట్టుకోవడానికి మరో బట్ట లేదు.

గడ్డ ఎట్లా ఉంటుంది

ముందు ఒళ్లు నొప్పులు, జ్వరం. కీళ్లు పట్టేస్తాయి, చీలమండలు వాస్తాయి. తర్వాత మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక మీద, రెండు కాళ్లకూ ఎర్రటి గడ్డలు లేస్తాయి. కొన్ని చింతగింజంత, కొన్ని నిమ్మకాయంత. ఇవి చర్మం మీద పుట్టిన పుండ్లు కావు. చర్మం కింద కొవ్వులో వచ్చిన వాపు. చేయి పెడితే వేడి తగులుతుంది, నొక్కితే రోగి మీ చేతిని విసిరికొడతాడు. చీము పట్టవు, పగలవు. కొన్నాళ్లకు ఎరుపు పోయి ఊదారంగుకు తిరుగుతాయి, ఆ తర్వాత దెబ్బ కమిలినట్టు పచ్చగా, పసుపుగా మారి సమసిపోతాయి. ఒక్కోసారి మళ్లీ ఒక విడత లేస్తాయి. వయసులో ఉన్న ఆడవాళ్లకు ఎక్కువ. ఎన్నిసార్లు లేచినా మచ్చ మాత్రం మిగల్చవు. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి. దాని మీదనే ఒక మనిషి బతుకు నిలబడింది.

గడ్డ అసలు రోగం కాదు. లోపల ఇంకేదో జరుగుతుంటే దాని మీద ఒళ్లు చేసే గొడవ. ఆ ఇంకేదో వెతకడమే మన పని. కాళ్లకు పూత రాసి పంపడం పని కాదు.

జమ్మలమడుగులో దూదేకుల ఇంటి పడుచు, మస్తానమ్మ, ఇట్లాంటి గడ్డలతోనే వచ్చింది. నేను నోరు తెరవమన్నాను. పక్కనున్న తల్లి ఊరుకోలేదు.

"కాళ్లు నొస్తాంటే గొంతు చూస్తావేంది సామీ? పండ్లు లెక్క పెడ్తాండావా?"

"ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?"

"వచ్చింది, పోయింది. పోయినదాన్ని ఇప్పుడు పిలుస్తావా ఏంది?"

పోలేదు. గొంతులో ఇంకా దాక్కుని ఉంది. పెన్సిలిన్ సూదులు వేసి, కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నాను. తగ్గింది. తల్లి మాత్రం గొంతుకు సూది వేస్తే కాళ్లు నయమైన వింత ఊరంతా చెప్పుకుంది.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి గుమాస్తా. గొంతు బాగుంది. మందులేమైనా మింగావా అంటే లేదంటాడు. చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది.

"జేబులో ఏంది?"

"సల్ఫా బిళ్లలు సార్. విరేచనాలకు. అంగట్లో అడిగి తెచ్చుకున్న్యా."

"ఇప్పుడే కదా ఏమీ మింగలేదన్నావు?"

"మీరు ఇచ్చిన మందు అడుగుతాండారనుకుంటి."

ఆ బిళ్లలు ఆపించాను. గడ్డలు పోయాయి. ఆ రెండు కేసులు నాకు రెండు ప్రశ్నలు నేర్పాయి: గొంతు, మాత్రలు. మూడో ప్రశ్న పులివెందుల నేర్పింది. అది నేర్చుకునే లోపల నేను కూర్చున్న చోట కూర్చోలేకపోయాను.

అరుగు మీద అన్న మాట

పులివెందులలో నా పై అధికారి డాక్టర్ సుందరరావు. కోస్తా మనిషి. నిజాయితీపరుడు, కష్టపడేవాడు. అంతకు ముందు కుష్ఠురోగుల కోసం పెట్టిన వైద్యశాలలో పనిచేసి వచ్చాడు. అక్కడ కన్ను ఎట్లా అలవాటు పడిందో, ఇక్కడా అట్లానే చూసేది.

సంతరోజు. ఆసుపత్రి అరుగు నిండా జనం. గండి ఆంజనేయస్వామి గుడికి పోయే దారిలోని ఒక పల్లె నుంచి బండిలో లచ్చుమ్మ అనే చిన్న వయసు కోడలిని తెచ్చారు. వెంట అత్త ఓబులమ్మ, మామ వెంగళప్ప. వెంగళప్ప ఆ పల్లెలో పెద్ద రైతు. అతని నోటి మాట అక్కడ చట్టం, కొడుకుతో సహా ఎవరూ దాటరు. లచ్చుమ్మ ఒళ్లో పాలు తాగే మగబిడ్డ.

పరీక్ష గదిలోనే నేను ఇంకో రోగి దగ్గర ఉన్నాను. సుందరరావు ఆమెను చీర అంచు కొంచెం ఎత్తమన్నాడు. కాళ్ల మీద నొప్పి గడ్డలు. వాటి మధ్య అక్కడక్కడా తెల్లగా, వెంట్రుక మొలవని గుండ్రటి మచ్చలు. మచ్చ మీద గుండుసూది మొన పెట్టాడు.

"తెలుస్తోందా?"

"లేదు సామీ."

"ఇక్కడ?"

"తెలీలేదు."

అంతే. చేతులు తుడుచుకుంటూ అరుగు మీదకు వచ్చి, పదిమందిలో, వెంగళప్పతో గట్టిగా చెప్పాడు. "కుష్ఠు. ఆ గడ్డలు దాని ఉద్రేకం. ఈ రోజు నుంచే బిడ్డను తల్లికి దూరంగా పెట్టండి."

ఆయన వాదంలో తప్పు లేదని మీకు చెప్పాలి. స్పర్శ లేని తెల్ల మచ్చ కుష్ఠుకు మొదటి గుర్తు. ఆ రోగం ఉద్రేకించినప్పుడు నొప్పి గడ్డలు లేవడమూ నిజమే. తప్పల్లా అడగకపోవడంలో ఉంది. ఇంకో తప్పు అరుగు మీద చెప్పడం. అరుగు మీద చెప్పిన మాట మనిషి కంటే ముందు బస్సెక్కుతుంది.

లచ్చుమ్మ లేచిన బల్ల మీద కూర్చోబోయిన ఒకాయన ఆగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వెంగళప్ప బిడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు.

"మామా, వానికి పాల యాళయింది," అంది లచ్చుమ్మ.

అతను వెనక్కి తిరగలేదు. ఆమె ఇంకోసారి అనలేదు. బండి తొట్టి ఎక్కుతుంటే చీర పైకి జరిగి కాళ్లు నాకు ఎండలో కనిపించాయి. ఆ మచ్చలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ప్రొద్దుటూరు కంసాలి అచ్చులో కొట్టినట్టు.

రోగం మనిషి ఒంటి మీద అచ్చు పట్టుకుని తిరగదు.

లోపలికి పోయి సుందరరావుతో చెప్పాను.

"స్పర్శ లేని మచ్చ. నొప్పి ఉన్న గడ్డ. ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు.

"ఈ గడ్డలు మచ్చ మిగల్చవు. ఆ మచ్చలు ఇంకెక్కడివో తెలియాలి. నరాలు తడిమి చూడాలి, చెవి తమ్మె నుంచి రసం తీసి పరీక్ష చేయాలి."

"నా మాట మీద మీ మాటా? ఇక్కడ మీ రాజ్యం లేదండీ."

"ఉంటే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు."

ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు పనిలో మనసు నిలవలేదు. అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. బిడ్డకు పాలు ఎవరు పడుతున్నారు? ఆమెను ఎక్కడ పడుకోబెట్టారు? మా సీమలో ఆ రోగం పేరు పడితే చేను గట్టున ఒక కొట్టం వేస్తారు. తిండి చేటలో పెట్టి దూరాన దించిపోతారు. మూడు ముళ్లు ఉన్నా, బిడ్డ ఉన్నా, ఇంటి గడప ఇంక ఆమెది కాదు.

గంటె కాడ

శ్రావణ శనివారం. గండి ఆంజనేయస్వామికి పోయే భక్తులతో కిక్కిరిసిన బస్సెక్కి ఆ పల్లెలో దిగాను. దిగగానే కనిపించింది. చెనక్కాయ, అంటే వేరుశనగ, చేను గట్టున గుంజలు నాటేశారు, పైకప్పుకు బోదగడ్డి కడుతున్నారు.

వెంగళప్ప వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. తొడ మీద బిడ్డ. నన్ను చూసి లేవలేదు.

"ఏంది దొరా, మా ఇంటికి దారి తెలిసిందా? మీ కోట రాళ్లు మా బాయి గట్టుకు ఏసినాం. శానా గట్టి రాళ్లు. ఇంత నీళ్లు తగుల్తాండా ఒకటన్నా కదల్లేదు."

"మంచి చోటే వేశారు. కోడలిని చూడాలి."

"కూర్చో. మజ్జిగ తాగు."

"వద్దు."

"తెలుసులే. అడగడం మా మర్యాద, వద్దనడం మీ మర్యాద."

లచ్చుమ్మ పశువుల పాక వసారాలో ఉంది. గోడ వైపు తిరిగి కూర్చుంది. బిడ్డ ఏడుపు వినపడకుండా చెవులు మూసుకుంటున్నదని తర్వాత తెలిసింది. వినపడితే పాలు కారి రవిక తడిసిపోతుందట. మోచేతి దగ్గర, మోకాలి పక్కన నరాలు తడిమాను. మందంగా లేవు. ముఖం మీద, చెవుల మీద ఏమీ లేదు. చెవి తమ్మె నుంచి గాజుపలక మీదకు రసం తీసుకున్నాను. ఏది అడిగినా ఓబులమ్మే ముందు జవాబు చెబుతోంది.

"ఈ మచ్చలెట్లా వచ్చాయి?"

"పుట్టుమచ్చలు సామీ."

"నేను చేతులు కడుక్కోవాలి. వేణ్ణీళ్లు కాచి తీసుకురా," అన్నాను.

ఓబులమ్మ వెనక్కి చూస్తూ పోయింది. లచ్చుమ్మ గొంతు తగ్గించింది.

"గంటె కాడ కాల్చి పెట్టినారు సామీ. మొదట గడ్డలు లేసినప్పుడు. వాతలేసే ఆమెను మా అత్త పిలిపిచ్చింది. ఏడిస్తే ఇంగోటి పెడ్తా అన్న్యాది."

"ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సూది ఎయ్యరంట. తిట్టి పంపిస్తారంట. ఆ డాక్టరు అడగనూ లేదు."

కాలిన చోట చర్మం చచ్చిపోతుంది. అక్కడ సూది మొన తెలియదు. మొదటి విడత గడ్డల మీద వాతలు పెట్టారు. గడ్డలు పోయాయి, వాతలు మిగిలాయి. రెండో విడత లేచేసరికి ఆసుపత్రికి తెచ్చారు. సుందరరావు సూది పెట్టింది రోగం మీద కాదు, గంటె కాడ మీద.

ఓబులమ్మ చెంబు పట్టుకుని వచ్చి మా ముఖాలు చూసింది. "చెప్పిందా?" అంది. నేను తల ఊపాను. ఆమె కోపపడలేదు. చీర కుచ్చెళ్లు కాస్త పైకి లాగి తన కాలు చూపించింది. పాత మచ్చ. "నాకూ ఏసినారు సామీ. నా బిడ్డలకూ ఏసినా. వాత పెట్టకుంటే రోగం యాడికి పోతాది?"

ఆమెను తిట్టలేదు. మీరూ తిట్టకండి. తిడితే తర్వాతి కేసులో ఇంకా బాగా దాస్తారు.

వెంగళప్ప దగ్గరికి వచ్చి చెప్పాను, ఇది పెద్దరోగం, అంటే కుష్ఠు, కాదని.

"పెద్ద డాక్టరు అవునంటాడు, నువ్వు కాదంటాండావు. మరి ఏంది ఇది?"

లచ్చుమ్మ గొంతు చూశాను, బాగుంది. మందులేవీ మింగలేదు. కడుపుతో లేదు. నా దగ్గర పేరు లేదు. "ఇంకా తెలియదు. చూసి చెబుతాను," అన్నాను.

"పేరు తెలీని రోగమా! పేరుండే రోగమే నయం దొరా. దానికి యాడ పెట్టాల్నో మాకు తెలుసు." కొట్టం కడుతున్నవాళ్ల వైపు చేయి ఊపాడు. "కానీండ్రా, ఎండ దిగేలోగా కప్పెయ్యండి."

ఆ మాటలంటూనే గుప్పిట్లోని వేయించిన చెనక్కాయ గింజలు నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి, వేలితో తీసి బిడ్డ నోట్లో పెట్టాడు. పాలు మానిపించిన బిడ్డ ఆత్రంగా చప్పరించాడు. వెంగళప్ప దగ్గి, మంచం పక్కన ఉమ్మి, కాలితో మన్ను కప్పాడు. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. నా తలలో మాత్రం గంటె కాడే తిరుగుతోంది. దారి మీదకు నడిచి బస్సెక్కాను.

బస్సు దిగి

గండి నుంచి తిరిగి వస్తున్న బస్సు. నా పక్క వరసలో ఒకామె స్వామి ప్రసాదం కొబ్బరి ముక్క కొరికి, నమిలి, చంటిబిడ్డ నోట్లో పెట్టింది.

నేను లేచి నిలబడ్డాను. "ఆపు!" అని అరిచాను.

కండక్టర్ ఉలిక్కిపడ్డాడు. "ఏంది సార్, మొక్కు మర్చిపోయినారా?"

"మర్చిపోయాను. ఆపు."

దిగి వెనక్కి నడిచాను. నడక కాదు, సగం పరుగు. నా ఒంటికి ఆ వేగం అలవాటు లేదు, పంచె కట్టుకూ లేదు. ఈ గడ్డలకు ఇంకో కారణం ఉంది. పుస్తకంలో చదివాను, కంటితో చూడలేదు. క్షయ క్రిమి మొట్టమొదటిసారి ఒంట్లో చొరబడినప్పుడు, దగ్గు లేకుండా, ఇంకే గుర్తూ లేకుండా, కాళ్ల మీద ఇట్లాంటి గడ్డలు లేవవచ్చు. లచ్చుమ్మకు దగ్గు లేదు. ఆమె దగ్గే మనిషి కాదు. దగ్గే మనిషి ఉన్న ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి.

ఇల్లంతా కలిసి రోగాన్ని ఆమె కాళ్ల మీద వెతుకుతోంది. అది ఆ మంచం మీద కూర్చుని బిడ్డకు చెనక్కాయలు నమిలి పెడుతోంది. పెద్దవాళ్లను క్షయ మెల్లగా తింటుంది. చంటిబిడ్డను అట్లా తినదు, ఒక్కోసారి మింగేస్తుంది.

తమ్మపడిగ

నన్ను మళ్లీ చూసి కొట్టం కప్పుతున్నవాళ్లు చేతులాపారు. బిడ్డ అతని తొడ మీదే నిద్రపోతున్నాడు.

"ఈ దగ్గు ఎప్పటినుంచి?" అని అడిగాను.

"సుట్ట దగ్గు. సుట్ట తాగేటోనికి దగ్గు రాక పాట వస్తాదా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"బరువు తగ్గావా? సాయంత్రం జ్వరం వస్తోందా?"

అతను నవ్వు ఆపాడు. వాకిట్లో నిలబడ్డ ఓబులమ్మ నెమ్మదిగా అంది. "దుప్పటి తడిసేట్టు చెమట పడ్తాది సామీ."

"గమ్మునుండు నువ్వు!"

నా సంచిలో వెడల్పు మూతి ఉన్న గాజుసీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని తీసి అతని ముందు పెట్టాను. "బాగా దగ్గి, లోపలి తెమడ ఇందులో ఉమ్ము. పరీక్ష చేయాలి."

వెంగళప్పకు అర్థమైంది. తెలివైనవాడు. మంచం మీద నిటారుగా కూర్చున్నాడు.

"కోడలి కాళ్లు చూడనీకి వచ్చి నా నోరు చూస్తాండావా? మీ తాతలు మా దగ్గర కప్పం వసూలు చేసినారు. నువ్వు తెమడ వసూలు చేస్తాండావు. భూములు పోయినాయని ఇట్ల తీర్చుకుంటాండావా దొరా?"

ఊరి ముందు అన్నాడు. కాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నిజం చెప్పాలంటే అతని స్థానంలో నేనుంటే నేనూ అదే అనేవాణ్ణి. రేపు తెమడలో క్రిములు దొరికినా, పాత పగకు పాళెగాని మనమడు పుట్టించిన రోగమనే ఈ పల్లె చెప్పుకుంటుంది. తిరిగి పోవచ్చు. అప్పుడు లచ్చుమ్మ కొట్టంలోకి పోతుంది, బిడ్డ ఈ తొడ మీద ఉంటాడు.

"నా మీద కోపం నా మీదే ఉంచు. ఉమ్ము," అన్నాను.

"మా తాత జీవితమంతా మీ తాత పక్కన తమ్మపడిగ పట్టుకుని నిలబడ్న్యాడు. మీ తాత తాంబూలం నమిలి ఉమ్మేదానికి. తెలుసా నీకు? మా ఇంట్లో ఇంగా ఎవరూ మర్చిపోలా."

నాకు తెలుసు. ఆ ఇత్తడి తమ్మపడిగ మా ఇంట్లో చివరిదాకా మిగిలిన సామాన్లలో ఒకటి.

సీసా తీసుకున్నాను. మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని అతని గడ్డం కింద పట్టాను.

"ఇప్పుడు నేను పట్టుకున్నా. ఉమ్ము."

కొట్టం మీద కూర్చున్న మనిషి చేతిలో బోద కట్ట అట్లాగే ఉంది. పశువుల పాకలోంచి లచ్చుమ్మ లేచి నిలబడి చూస్తోంది. వెంగళప్ప నా ముఖం చూశాడు, సీసా చూశాడు. ఏదో అనబోయాడు. అనేలోపల దగ్గు వచ్చింది, చాలాసేపు వచ్చింది. నిద్రపోతున్న బిడ్డను ఓబులమ్మ వచ్చి ఎత్తుకుంది. అతను సీసాలో ఉమ్మాడు.

మూత పెట్టి లేచాను. లేస్తూ మోకాళ్ల మన్ను దులుపుకోలేదు.

సూక్ష్మదర్శిని ముందు

లచ్చుమ్మ చెవి తమ్మె రసంలో ఏమీ లేదు. వెంగళప్ప తెమడకు రంగు వేసి చూస్తే నీలి నేల మీద చిన్న చిన్న ఎర్రటి పుల్లలు, గుంపులు గుంపులుగా. క్షయ క్రిములే. సుందరరావును పిలిచాను. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. గంటె కాడ సంగతి చెప్పాను.

"సూది పెట్టాను గానీ 'ఇది ఎట్లా వచ్చిందమ్మా' అని అడగలేదు," అన్నాడు.

మరుసటి సంతరోజు ఆయన అదే అరుగు మీదకు వచ్చి, అంతే గట్టిగా, ఫలానా పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి తాను కుష్ఠు అని చెప్పింది తప్పని, ఆమెకు ఆ రోగం లేదని చెప్పాడు. ఏ రోగం ఉందో, ఎవరి నుంచి వచ్చిందో మాత్రం అరుగు మీద చెప్పలేదు. నేను చూసిన అధికారుల్లో తప్పు చేయనివాడు లేడు. చేసిన చోటే నిలబడి సరిదిద్దినవాడు ఈయన ఒక్కడే. నాకు ఆయన అంటే అప్పటికీ ఇష్టం లేదు. గౌరవం మాత్రం ఆ రోజు నుంచి ఉంది.

కొట్టం

వెంగళప్పకు బావి గట్టు మీద, ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. మా కోట రాళ్ల మీద నిలబడి.

"నా వల్లనేనా?"

"నీ దగ్గు వల్ల. కోడలి ఒళ్లు కలబడింది కాబట్టి గడ్డలు లేచాయి. ఆ గడ్డలు లేవకపోతే నీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు."

"పిల్లోనికి?"

"తెలియదు. చూడాలి."

అతను తన చేతి వేళ్లు చూసుకున్నాడు. "నమిలి పెడితినే," అన్నాడు.

తర్వాత ఇంటికి పోయి, ఎవరినీ పిలవకుండా, మంచం తానే భుజానికెత్తుకుని చేను గట్టు మీదకు నడిచాడు. కొడుకు వెనక పరుగెత్తాడు. "యాడికి నాయనా?"

"కట్టిన కొట్టం ఊకే పోతాదా?"

లచ్చుమ్మ పశువుల పాకలోంచి ఇంట్లోకి వచ్చింది. ఓబులమ్మ బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. పాలు తగ్గిపోయాయి. బిడ్డ విసిగి విసిగి ఏడ్చాడు. మళ్లీ పాలు పడేదాకా ఇద్దరూ ఏడ్చారు.

పిల్లవాడు బతికాడని ముందే చెప్పేస్తున్నాను. ఆ నెలల్లో నాకు తెలియదు. బీసీజీ టీకాల జట్టును అడిగి తెచ్చిన మందుతో తల్లికీ బిడ్డకూ చేతి చర్మంలో క్షయ పరీక్ష చేశాను. తల్లి చెయ్యి వాచి పొక్కింది. ఆ పరీక్ష ఒక్కటే చూసి ఏదీ నిర్ణయించకండి, మన దేశంలో చాలామంది చేతులు వాస్తాయి. కానీ చంటిబిడ్డ చెయ్యి వాస్తే మాత్రం కూర్చోవద్దు. వాడి చెయ్యి కూడా వాచింది. ఐసోనియాజిడ్ పొడి చేసి తల్లిపాలలో కలిపి పట్టించాము. ప్రతి వారం పోయాను. వాడు తుమ్మితే ఒక భయం, నిద్రపోతే ఇంకొక భయం. బస్సు దిగగానే ముందు ఆ ఇంటి వైపు చెవి పెట్టేవాణ్ణి. ఏడుపు వినపడితే నాకు ఊపిరి ఆడేది.

లచ్చుమ్మకూ మందులు సాగాయి. ఆమె గడ్డలు ఊదారంగుకు తిరిగి, పచ్చబడి, పోయాయి. ఆనవాలు లేదు. గంటె కాడ మచ్చలు మాత్రం ఉన్నాయి.

వెంగళప్పకు స్ట్రెప్టోమైసిన్ సూదులు. కొట్టంలో నిలబడి సూది వేయడం కుదరదు, కప్పు తల మీదకు తగులుతుంది. కాబట్టి అతని మంచం పట్టె మీద కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం సూది వేసి సంచి సర్దుకుంటున్నాను. లచ్చుమ్మ బిడ్డను చంకనెత్తుకుని, నేను చెప్పినంత దూరంలో, చెనక్కాయ చేను ఆవలి గట్టున నిలబడింది. రోజూ ఆ వేళకు వచ్చి చూపించి పోతుందట. పిల్లవాడు తాతను చూసి కాళ్లు ఆడించాడు.

"ఒరే అబ్బోడా!" అని వెంగళప్ప కేక వేశాడు. చెయ్యి దానంతటదే మంచం కింది చేటలోకి పోయింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. మెత్తగా నమిలాడు. ఆవలి గట్టున పిల్లవాడు నోరు తెరిచాడు.

వెంగళప్ప వేలు పెదవుల దాకా వచ్చి ఆగింది. నా వైపు చూడలేదు. నమిలింది తానే మింగాడు.